నాగేశ్వరికి పోసిన ఒడిబియ్యం

పొద్దున ఆరున్నరకే పెంటమ్మ గిర్ని నుంచి వచ్చింది. జొన్నపిండి డబ్బా ఇంకా వేడిగా ఉంది. సరూర్‌నగర్ చెరువు కట్ట కింది గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు వాళ్లది. ముందు గదిలో మట్టయ్య మంచం, వెనక గదిలో మిగతా సంసారం. రోజూ సాయంత్రం ఆమె దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల పక్కన పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు అమ్ముతుంది. కోచింగులకు వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు వరసలో నిలబడి కొనుక్కుంటారు.

గీత తన కూతురు సింధుకు జడ వేస్తోంది. లారీ ప్రమాదంలో భర్త పోయాక నాలుగేళ్లుగా గీత తల్లిగారింట్లోనే ఉంటోంది. ఎల్బీనగర్‌లో ఒక బట్టల దుకాణంలో ఆమెకు పని. సింధుకు పన్నెండేళ్లు.

"అమ్మమ్మా, నా టిఫిన్‌ల రొట్టె పెట్టకు. అందరు నవ్వుతున్రు."

"నవ్వనీ. వాళ్ల నూడుల్స్ పదకొండు గంటలకే అరిగిపోతయి."

"నిన్న నా రొట్టె ఇరగ్గొట్టనీకి స్కేలు తెచ్చిన్రు."

మంచం మీది మట్టయ్య నవ్వబోయి దగ్గులో పడ్డాడు. రెండేళ్లుగా ఆయన ఊపిరి సరిగా ఆడడం లేదు. గీత నీళ్లందించి, పిల్లను ఆటో ఎక్కించి వచ్చేసరికి గడప ముందు ఒక కానిస్టేబుల్ బండి ఆపుకుని నిలబడి ఉన్నాడు.

"మట్టయ్య ఇల్లు గిదేనా? నా పేరు జగన్. స్టేషన్ నుంచి వచ్చిన. ఇంక్వైరీ ఉన్నది."

"దేని గురించి సార్?" అంది గీత.

"మీ తమ్ముడు రాజుకు నెల రోజుల పెరోల్ అడిగిన్రు గదా. జైలు నుంచి కాగితం వచ్చింది. ఇంటోళ్లు రానిస్తరా లేదా, జామీను ఎవరు నిలవడ్తరు, గల్లీల ఏమన్న గడబిడ అయితదా, గివన్ని రాస్కొని పోవాలె."

గీత తల్లి వైపు చూసింది. పెంటమ్మ పిండి జల్లెడ పడుతోంది. ఆమె మొహంలో కూడా ఆశ్చర్యమే ఉంది.

"ఎవరు అడిగిన్రు సార్?"

"మీ నాయినే. పానం బాగలేదని అర్జీ పెట్టిండు. దవాఖాన కాగితాలు సుత జోడించిండు."

మట్టయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే మాట్లాడాడు.

"నేను సచ్చేలోపు ఒక్కసారి ఇంటికొచ్చి పోతడని పెట్టిన. తప్పా? ఏడేండ్లాయె. మొన్న ములాఖత్‌ల ఏడ్సిండు. మేనకోడలు ఎంత పెద్దగైందో సూడాలని ఉన్నదన్నడు."

"సింధును సూస్తనన్నడా?" అంది గీత. "నాయినా, సింధుకు ఇప్పుడు పన్నెండు. అమలకు పదమూడు ఉండె."

అమల పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. జల్లెడ ఆగింది.

జగన్ రాసుకోవడం ఆపి తలెత్తాడు. "అమల ఎవరు? కేసుల పిల్ల నర్సింగ్ చదివే పిల్ల గదా. డ్యూటీ అయి హాస్టల్‌కు పోతుంటే..."

"అది రెండోది సార్."

"రెండోదా? మా రికార్డుల ఒక్కటే ఉన్నది. మొదటిసారి నేరస్తుడు, జైల్ల నడవడిక మంచిగున్నది అని రాసిన్రు. గందుకే కాగితం ఇంత దూరం వచ్చింది."

"మొదటి కేసు పదకొండేండ్ల కింద. అమల కోర్టుల మాట మార్చింది. కొట్టేసిన్రు."

"కొట్టేస్తే ఇగ లెక్కకు రాదమ్మా." జగన్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "శిక్ష పడ్డదే లెక్క. ఒకసారి శిక్ష పడ్డోడు మళ్ల అదే పని చేసి దొరికితే, చట్టం ఏరే ఉన్నది. బతికినన్ని దినాలు లోపల్నే ఉంచొచ్చు. ఉరి సుత ఎయ్యొచ్చు. మొదటిది నిలవలే గనక మీవోనికి పదేండ్లతోని పోయింది. అదృష్టవంతుడు."

ఆ చివరి మాట అన్నాక ఆయనే కాస్త ఇబ్బంది పడ్డాడు. గీత మాత్రం నవ్వింది. చూసేవాళ్లకు భయం వేసే నవ్వు.

"అదృష్టం కాదు సార్. మా అమ్మ ఒడిబియ్యం పోసింది."

"గీతా!" అన్నాడు మట్టయ్య.

"ఎందుకు నాయినా, సార్ రాస్కోవాలె గదా. గీ గల్లీ చివర నాగేశ్వరి అని ఉండె సార్. మొగడు ఇడిసిపెట్టి పోయిండు, అవ్వగారిల్లు లేదు. మూసారాంబాగ్‌ల నాలుగిండ్లల్ల పని చేసుకుంట బిడ్డను చదివించుకునేది. గా బిడ్డే అమల. రాజు దాన్ని చెల్లె చెల్లె అని పిలిచెటోడు. కేసైనంక మా అమ్మ పోయి నాగేశ్వరికి ఒడిబియ్యం పోసి, నాయినతోని చీర పెట్టించి, ఇంటి ఆడబిడ్డను చేసుకున్నది. అన్న కొడుకును జైలుకు ఎట్ల పంపుతదామె? చెల్లె అని పిలిచిన పిల్లను మీరు మరదల్ని చేసిన్రు. గంత జరిగినంక గీ ఇంట్ల నాకు ముద్ద ఎట్ల దిగిందో!"

పైన ఉండే ఇంటి యజమాని కోటేశ్వరమ్మ మెట్ల మీదికి వచ్చి నిలబడింది. ఆవిడది తెనాలి దగ్గర.

"చూడండి కానిస్టేబుల్ గారూ, ఇరుగుపొరుగును కూడా అడగాలి కదా, రాసుకోండి. ఆ అబ్బాయి వస్తే వీళ్లు ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే. పెంటమ్మంటే నాకు అభిమానమే. కానీ మా మనవరాళ్లు సెలవులకు వస్తారండీ."

"పోతం అమ్మా, పోతం. ఊర్ల గుడిసె ఏసుకొని ఉంటం" అన్నాడు మట్టయ్య. "కొడుకును ఇంట్లకు రానియ్యని ఇల్లు ఎందుకు?"

"నువ్వు పో నాయినా. నేను సింధును తీస్కొని హాస్టల్‌ల ఉంట. ఆడు గీ గడప తొక్కిన రోజు నాకు మీరు లేరు, మీకు నేను లేను."

"కొడుకు గదనే పెంటీ. జర నువ్వన్న చెప్పు."

పెంటమ్మ చేతుల పిండి దులుపుకుంది. "సార్, సాయంత్రం నేనే స్టేషన్‌కు వస్త. కాగితం అప్పటిదాంక ఉంచు" అంది. చెప్పులేసుకుని బయటికి నడిచింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది గానీ బయట ఏముందో చూడలేదు. పదకొండేళ్ల కిందటి ఆ రోజు బాగా గుర్తుంది. అయిదు సేర్ల బియ్యానికి పసుపు రాసింది. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవిక బట్ట అన్నీ సర్దుకుంది. పెళ్లయిన ఆడపిల్లకు అవ్వగారింట్లో ఒడి నింపడం తమ వైపు ఎంత గొప్పో పెంటమ్మకు తెలుసు. నాగేశ్వరికి ఆ రోజు వరకూ ఎవరూ ఒడి నింపలేదనీ తెలుసు. పీట మీద కూర్చోబెట్టి దోసిళ్లతో బియ్యం పోస్తుంటే, కొంగు పట్టిన నాగేశ్వరి వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషంతో ఏడ్చిందని పెంటమ్మ అందరికీ చెప్పుకుంది. నెల తిరక్కుండా అమల కోర్టులో, మనిషిని గుర్తుపట్టలేనని చెప్పింది.

నాగేశ్వరి ఇప్పుడు ఎల్బీనగర్ అవతల ఒక అపార్ట్‌మెంట్‌లో మెట్లు ఊడుస్తూ, అక్కడే మీటర్ల పక్కన ఒక గదిలో ఉంటోంది. రాజు రెండోసారి అరెస్టయిన వారం రోజులకే ఆమె గల్లీ విడిచి వచ్చేసింది. పెంటమ్మను చూసి చీపురు కింద పెట్టింది. కూర్చోమనలేదు.

"వదినా, ఏం పని మీద వచ్చినవ్?"

ఆ పిలుపు ఇంకా మిగిలి ఉన్నందుకు పెంటమ్మకు తల కొట్టేసినట్టయింది.

"రాజును నెల రోజులు ఇడుస్తరంట. జామీను అడుగుతున్రు."

"అయితే? ఇప్పుడు సుత ఏమన్న మాట మార్చాల్నా?"

"గట్ల కాదు నాగేశ్వరీ."

"మళ్ల బియ్యం తెచ్చినవేమో అనుకున్న. సంచి లేదు గదా చేతిల." నాగేశ్వరి గోడకు ఆనుకుంది. "నీ మీద కోపం లేదు వదినా. నా మీదనే. పుట్టినకాన్నుంచి నన్ను ఎవ్వరు పీట మీద కూసోబెట్టలే. నువ్వు కూసోబెట్టినవ్. గా మత్తుల బిడ్డ కనపడలే."

పెంటమ్మ మెట్టు మీద కూలబడింది. "అమల ఎట్లున్నది?"

"మలక్‌పేటల హాస్టల్‌ల ఉంటది. కంపెనీల నౌకరి. ఐతారం ఐతారం వస్తది. వచ్చేటప్పుడు ఎవరి తిండి వాళ్లే అన్నట్టు పార్సెల్ తెచ్చుకుంటది."

"నీ చేతి వంట తినదా?"

"తినదు." నాగేశ్వరి గొంతు ఎత్తలేదు. "ఒడిబియ్యం వండి నలుగురికి పెట్టాలె గదా. నేను వండిన. బంతిల బిడ్డను సుత కూసోబెట్టి వడ్డించిన. పచ్చటి అన్నం. తినను అనలే. ఒక్క మెతుకు ఇడువకుంట తిన్నది. తిని లేచి చెయ్యి కడుక్కొని, 'ఇగ కోర్టుల ఏం చెప్పాల్నో చెప్పు' అన్నది. అప్పటి సంది నా చేతి అన్నం తినలే."

లిఫ్టు దిగి ఎవరో పాలపాకెట్లు పట్టుకుని వెళ్లారు. ఇద్దరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. పెంటమ్మ లేచి నాగేశ్వరి కాళ్ల వైపు వంగబోయింది. నాగేశ్వరి వెనక్కి తగ్గింది.

"వద్దు. అప్పుడు గూడ గట్లనే పట్టుకున్నవ్. పో వదినా. నీకు ఏం చెయ్యాలనిపిస్తే గది చెయ్యి. నాకు చెప్పనీకి రాకు."

సాయంత్రం నాలుగింటికి పెంటమ్మ స్టేషన్‌కు వెళ్లింది. దుకాణంలో అడిగి గీత కూడా వచ్చింది. జగన్ బల్ల మీద కాగితం పరిచాడు.

"చెప్పమ్మా. ఇంట్లకు రానిస్తరా?"

"రానియ్యం."

"జామీను?"

"నేను నిలవడ. ఆయిన సుత నిలవడడు. నిలవడ్తనన్నా నేనొప్పుకోను."

"కారణం ఏమని రాయాలె? భయం ఉన్నదని రాయనా?"

"మొదటి కేసు కోర్టు కొట్టెయ్యలే సారూ, నేను కొట్టేయించిన. ఒడిబియ్యం పోసి పిల్ల నోరు మూయించిన. నా కొడుకు చేసింది ఒకటి కాదు, రెండు. అది రాయి."

జగన్ పెన్ను ముక్కు మీద రుద్దుకున్నాడు. "అది రాయనీకి గీ ఫారంల జాగ లేదమ్మా. పాత కేసు ఇప్పుడు తిరగదోడరు. రాసినా లెక్కకు రాదు. మీకే తలనొప్పి."

"వెనక ఖాళీగ లేదా?"

జగన్ కాగితం తిప్పాడు. వెనక తెల్లగా ఉంది.

"వెనక రాయి."

ఆయన రాసి చదివి వినిపించాడు. నాలుగు వాక్యాలు. పెంటమ్మ పెన్ను తీసుకుని ఒక్కో అక్షరం దిద్దుతూ సంతకం పెట్టింది. కాగితం మీద ఆమె వేలి పిండి మరక అయింది. జగన్ తుడవబోయి, వదిలేశాడు.

"పెరోల్ ఆగుతదనే అనుకుంట. కానీ శిక్ష అయిపోయినంక ఎవ్వరు ఆపలేరు. ఇంకో మూడేండ్లు. యాదుంచుకోండి."

"మూడేండ్లకు సింధుకు పదిహేను" అంది గీత, ఎవరికీ కాకుండా.

బయట మెట్రో పట్టాల నీడ రోడ్డు మీద పొడుగ్గా పడి ఉంది. రొట్టెల వేళ దాటిపోతోంది. పెంటమ్మ రెండు అడుగులు వేసి పోలీస్ స్టేషన్ మెట్ల మీదే కూర్చుంది.

"గీతా, రెండో పిల్ల పేరేంది?"

"ఎవరు?"

"నర్సింగ్ పిల్ల."

గీత తల్లి వైపు తిరిగింది. "తీర్పు నాడు కోర్టు వరండల మన పక్కనే నిలవడ్డది గదమ్మా. పేరు పెట్టి పిలిచిన్రు గూడ. నువ్వు ఇనలేదా?"

"ఇనలే. నేను రాజు దిక్కే సూస్కుంట నిలవడ్డ. బక్కగైండని, గడ్డం పెరిగిందని. గా పిల్ల దిక్కు ఒక్కపారి సూడలే." పెంటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "నేను నాగేశ్వరి ఒడిల పోసిన బియ్యం గా పిల్ల మీద పడ్డయి. పేరన్న తెల్వకపాయె నాకు."

ఏడేళ్లలో తల్లి ఏడవడం గీత చూడలేదు. శిక్ష పడిన రోజు కూడా ఏడవలేదు. పొద్దున అన్న మాటలేవీ గీత వెనక్కి తీసుకోలేదు. పక్కన కూర్చుని, తల్లి చేతిని తన ఒళ్లో పెట్టుకుని, గోళ్లలో ఎండిపోయిన పిండి ఒక్కొక్కటీ తీస్తూ ఉండిపోయింది.