కరుణమ్మ పెట్టని సంతకం

ఆదివారం ఉదయం కరుణమ్మ ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆరాధన అయ్యాక లాలాపేట్ చర్చి వరండాలో మహిళా పొదుపు సంఘం సమావేశం. పదకొండేళ్లుగా ఆమే అధ్యక్షురాలు.

కూతురు ఎవాంజెలిన్, ఇంట్లో అందరికీ లీనా, ఒక్క ముద్ద తిని పళ్లెం జరిపింది. "అమ్మా, రేపే ఆఖరి రోజు. ఉత్తరం మీద సంతకం పెట్టావా?"

"చదువుతున్నాను లీనా. సగం అర్థం కావడం లేదు."

తార్నాకలో, యూనివర్సిటీ గేటు దగ్గర లీనాకు థీసిస్ బైండింగ్ షాపు ఉంది. లాక్‌డౌన్‌లో హాస్టళ్లు ఖాళీ అయ్యాక పని లేదు. నెలాఖరుకు అద్దె కట్టకపోతే ఖాళీ చేయమన్నాడు ఓనరు. చిన్న వ్యాపారులకు ప్రభుత్వం అత్యవసర రుణం ఇస్తోంది కాని, ఆమెకు లైసెన్సు లేదు. అలాంటివాళ్లు స్థానిక సంఘం నుంచి ఉత్తరం తెస్తే చాలన్నారు బ్యాంకువాళ్లు.

కరుణమ్మ బడికి వెళ్లలేదు. బైబిల్లో అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. ఈ ఉత్తరాన్ని నాలుగు రోజులుగా చదువుతోంది. బాకీ సంఘం మీద పడుతుందా, తన మీద పడుతుందా? చదివిన కొద్దీ తల తిరుగుతోంది.

"మీ సంఘం బుచ్చవ్వ ఇడ్లీ బండికైతే నిలబడిన చోటే సంతకం పెట్టావుగా! కన్నకూతురికి నాలుగు రోజులా? డబ్బు పట్టుకుని పారిపోతాననా?"

"పారిపోతావే!" అరిచేసింది కరుణమ్మ. తన గొంతుకు తానే ఉలిక్కిపడింది. "మీ యోహాను మామయ్య కొట్టుకు నేనే పూచీ పడ్డాను. వాడు కట్టలేకపోతే నేనే కట్టాను. ఒక్క మాట అనలేదు. అయినా నా ముఖం చూడలేక వెళ్లిపోయాడు. పంతొమ్మిదేళ్లయింది. బుచ్చవ్వ కట్టకపోతే ఇంటికెళ్లి అడుగుతాను. నువ్వు ముఖం చాటేస్తే నేనెక్కడ వెతకాలే?"

"షాపు పోతే విజయవాడ ప్రెస్సులో పనికెళ్లాలి. అప్పుడు మాత్రం నీ దగ్గరుంటానా?"

కరుణమ్మ ఉత్తరం మడిచి బైబిల్లో పెట్టుకుంది.

సమావేశంలో ఆమె లీనా పక్కన ఉత్తరం పట్టుకుని నిలబడింది. "నాకేం తోచడం లేదమ్మా" అంది.

ఉపాధ్యక్షురాలు బుచ్చవ్వ నవ్వింది. "ఏంది కరుణక్కా, నువ్వు పెట్టిన రూలు నువ్వే మరిస్తివా? సొంతోళ్ల కాయితం వస్తే సొంతోళ్లు బయటికి పోవాలె. నడువుండ్రి ఇద్దరు."

సొంతవాళ్ల కాగితం ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు మరి. "సంతకం ఎవరు పెడతారే?" అంది కరుణమ్మ.

"గిది నీ ఒక్కదాని సంతకమా? సంఘానిది. నేను పెడ్త."

"కట్టకపోతే?"

"బ్యాంకుల అడిగిన. పూచీ సర్కారుదట. షాపున్నదని మనం చెప్పాలె, కిస్తు యాది చెయ్యాలె. కట్టకుంటే నేనే పోయి తిడ్త. నడువు!"

తల్లీకూతుళ్లు చర్చి మెట్ల మీద కూర్చున్నారు.

"విన్నావుగా అమ్మా. నేను జవాబు చెప్పాల్సింది వాళ్లకు, నీకు కాదు. కట్టలేని నెల వస్తే బుచ్చవ్వ చేత తిట్లు తింటాను. తిని ఇంటికే వస్తాను."

తమ్ముడి బాకీ తీర్చి, ఒక్క మాటా అనకపోవడమే ప్రేమనుకుంది కరుణమ్మ. ఆ మౌనం ఎదుట వాడెలా నిలబడగలిగేవాడు?

"నాలుగు తిట్టి, అన్నం పెట్టి ఉంటే ఉండేవాడేమో లీనా..." కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

లోపలి నుంచి బుచ్చవ్వ కేక వినిపించింది. "అందరు ఒప్పుకున్నరు! రాండ్రి!"

కరుణమ్మ కూతురి చెయ్యి వదల్లేదు. "కిస్తు తప్పితే నేనూ తిడతాను. గట్టిగా తిడతాను" అంది ఏడుస్తూ.

"తిట్టమ్మా" అంటూ లీనా ఆమె భుజం మీద తల వాల్చింది.