పగిలిన చేతుల కేసు

ఉదయం 11:05కి ఆమె బిస్కెట్ కొరికింది.

11:09కి గొంతు పట్టుకుంది.

11:32కి ఆంబులెన్స్ వచ్చేసరికి ఊపిరి లేదు.

అది ఒక పెద్ద ఆసుపత్రి దుప్పట్లు, గౌన్లు ఉతికే లాండ్రీ. లోపల చిన్న రెస్ట్ రూమ్. పొడుగాటి టేబుల్, ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు. టేబుల్ మీద ఆరు టీ కప్పులు. మధ్యలో రేకు డబ్బా. అందులో ఇంకా తొమ్మిది బాదం బిస్కెట్లు.

నేలమీద ఉన్న మనిషికి నలభై ఆరేళ్ళు. లాండ్రీలో అందరూ పెద్దక్క అనేవారు. ఇరవై రెండేళ్ళుగా నానబెట్టే తొట్ల దగ్గర పని. పెదాలు వాచిపోయాయి. మెడ నిండా ఎర్రటి దద్దుర్లు.

ఇన్‌స్పెక్టర్ మోకాళ్ళమీద కూర్చుని ఆ మొహంలోకి చూసింది. ఏమీ అనిపించలేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఎన్నో చూసింది. ఈ మధ్య ఏం చూసినా ఏమీ అనిపించడం లేదు. చావు, ఫైలు, సంతకం. అంతే.

చేతులు తిప్పి చూసింది. వేళ్ళ సందులు బీటలువారి ఉన్నాయి. కొన్ని పగుళ్ళలో ఎండిన రక్తం.

“డబ్బా ఎవరు తెచ్చారు?”

అందరూ ఒకేవైపు చూశారు. మూలన ఒకావిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇస్త్రీ మెషీన్ ఆవిడ.

“నేనే.”

“బిస్కెట్ తీసి ఆమె చేతికి ఇచ్చింది ఎవరు?”

“నేనే. ఏరి ఇచ్చాను.”

ఇన్‌స్పెక్టర్ పక్కనున్న కానిస్టేబుల్ పెన్ను ఆగింది. మనిషి బాగా పొడుగు. స్టేషన్‌లో అందరూ నిచ్చెన అంటారు.

“ఏరి ఇచ్చారా?”

“పైన బాదం పలుకులు ఎక్కువున్నది ఏరాను. ఆవిడకి బాదం అంటే ప్రాణం.”

మిగతావాళ్ళు ఒక్కొక్కరే చెప్పింది ఒకటే. వారం క్రితం ఈ ఇద్దరికీ పెద్ద గొడవ. అందరి ముందూ ఇస్త్రీ ఆవిడ అన్న మాట: “నీ చేతులు కుళ్ళిపోను!”

మధ్యాహ్నం 1:40కి పెద్దక్క చెల్లెలు స్టేషన్‌కి వచ్చింది. అక్కాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో ఉంటారు. అక్క పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలి భర్త పోయి నాలుగేళ్ళు. చెల్లెలికి ఆరేళ్ళ కూతురు.

ఆమె ఏడవలేదు. గొంతు కూడా పెరగలేదు.

“అది విషం పెట్టింది. రాసుకోండి.”

రాసుకున్నారు. సాయంత్రానికి ఇస్త్రీ ఆవిడ లాకప్‌లో ఉంది.

* * *

మూడో రోజు ఉదయం 9:20కి ల్యాబ్ రిపోర్టు వచ్చింది.

బిస్కెట్లలో విషం లేదు. టీలో లేదు. కడుపులో లేదు. పెద్దక్క లాకర్లో దొరికిన సబ్బు, గ్లవ్స్, చేతులకు రాసుకునే క్రీము, దేనిలోనూ లేదు.

పోస్ట్‌మార్టం కాగితం ఇంకోటి చెప్పింది. గొంతు లోపల వాపు. రక్తంలో తీవ్రమైన అలర్జీ గుర్తులు.

ఇన్‌స్పెక్టర్ చెల్లెలికి ఫోన్ చేసింది.

“మీ అక్కకి బాదం పడదా?”

“పడకపోవడమేంటి మేడం? నలభై ఏళ్ళు తింది. చిన్నప్పుడు నా వాటా కూడా లాక్కుని తినేది. ఆ ల్యాబ్ వాళ్ళకి దొరకని విషమేదో పెట్టుంటుంది.”

చెల్లెలు ఫోన్ పెట్టేసింది.

“ఆవిడ మాటలోనూ పాయింటుంది మేడం,” అన్నాడు నిచ్చెన. “నలభై ఏళ్ళు పడ్డది నలభై ఒకటో ఏడు ఎందుకు పడదు? అరెస్టు ఇంకా కాగితం మీద చూపించలేదు. రేపు పదింటికి కోర్టులో పెట్టాలి. ఏం చెబుదాం?”

“గొడవ దేనికో ఎవరైనా అడిగారా?”

నిచ్చెన తల గోక్కున్నాడు. ఎవరూ అడగలేదు.

లాకప్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది ఇన్‌స్పెక్టర్.

“గొడవ దేనికి?”

“చెబితే నవ్వుతారు.”

“నవ్వను.”

“క్రీముకి. ఆవిడ లాకర్లో సీసా ఉండేది. చెల్లెలు ఇంట్లో చేసిచ్చేది. వాసన బాగుంటుంది. మూడు వారాలు దొంగచాటుగా తీసి రాసుకున్నా. పట్టుకుంది. నలుగురిలో దొంగ అంది. నోరు జారాను.”

“బిస్కెట్లు?”

“రాజీకి తెచ్చా. ఎన్నాళ్ళని మొహాలు తిప్పుకుంటాం? టేబుల్‌కి ఇటు నేను, అటు ఆవిడ.”

“మీ చేతులు చూపించండి.”

ఊచల మధ్య నుంచి చేతులు బయటికొచ్చాయి. వేడికి కాస్త నల్లబడ్డాయి. ఒక్క పగులు లేదు.

“ఆ క్రీముతో మీకేమైనా అయిందా? దురద, మంట?”

“ఏమీ కాలేదు. మెత్తబడ్డాయంతే.”

“పెద్దక్కకి ఇంతకుముందెప్పుడైనా ఏదైనా తిని ఒంట్లో బాగాలేకపోవడం జరిగిందా?”

ఇస్త్రీ ఆవిడ ఆలోచించింది.

“రెండు నెలలైంది. పాత మేనేజర్ వెళ్ళిపోతుంటే కేకు కోశాం. అది తిని పెదాలు తిమ్మిరెక్కాయంది. బాత్రూంలో కక్కుకుంది. పాచి కేకు అనుకున్నాం.”

“అందరూ తిన్నారా?”

“అందరం. తనకొక్కదానికే.”

“ఆ కేకు మీద ఏముంది?”

ఇస్త్రీ ఆవిడ చేతులు ఊచల లోపలికి లాక్కుంది.

“బాదం.”

* * *

2:15కి ఇన్‌స్పెక్టర్ ఆ ఇంటి తలుపు తట్టింది.

రెండు గదులు. వంటగది గట్టుమీద మిక్సీ. కిటికీ పక్కన కడిగి బోర్లించిన ఐదు గాజు సీసాలు. అక్క మంచం మీద దుప్పటి ఇంకా మడత పెట్టలేదు.

“ఈ క్రీము మీరే చేస్తారా?”

“అవును. ల్యాబ్‌లో చూశారుగా. అందులో ఏముంటుంది?”

“మీరే చెప్పండి.”

“బాదం నానబెట్టి, పొట్టు తీసి, వెన్నలా రుబ్బుతా. పాలు, కాస్త మైనం. అంతే. ఆసుపత్రి మందులు రాసి రాసి విసిగిపోయింది అక్క. పదకొండేళ్ళ జబ్బు. వేళ్ళు మడవలేకపోయేది. జడ నేనే వేసేదాన్ని.”

“ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నారు?”

“ఏడు నెలలు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. నేనే రాసేదాన్ని. పగుళ్ళలోకి దిగేలా బాగా రుద్దేదాన్ని. లాండ్రీలో మధ్యాహ్నానికి చిన్న సీసా.”

ఇన్‌స్పెక్టర్ ఏదో అడగబోయి ఆగింది. గుమ్మంలో పాప నిలబడి ఉంది. మోచేతి మడతలో బరబరా గోక్కుంటోంది. అక్కడ చర్మం ఎర్రగా, చిన్నచిన్న పగుళ్ళతో ఉంది.

“పాపకీ ఉందా?”

“మా వంశంలోనే ఉంది మేడం. దీనికి పుట్టినప్పట్నుంచీ.”

“క్రీము రాస్తున్నారా?”

“నెల రోజులైంది. ఎందుకు?”

“బాదం తింటుందా?”

“ఇంట్లో బాదం ఎప్పుడూ ఉండేదే. అక్క పోయాక ఎవరికీ ఏదీ తినాలనిపించడం లేదు. ఎందుకడుగుతున్నారు?”

ఇన్‌స్పెక్టర్ గట్టు మీదున్న నిండు సీసా తీసి సంచిలో వేసుకుంది. షెల్ఫ్‌లోని బాదం పొట్లం కూడా.

“ఇవాళ పాపకి ఇది రాయకండి. బాదం పెట్టకండి. నాలుగింటికి పాపని తీసుకుని ఆసుపత్రిలో చర్మం డాక్టరుగారి గదికి రండి.”

* * *

4:10.

గదిలో ఐదుగురు. పెద్దక్కకి పదకొండేళ్ళు వైద్యం చేసిన డాక్టరమ్మ. ఇన్‌స్పెక్టర్. చెల్లెలు. తలుపు దగ్గర నిచ్చెన, పక్కన ఇస్త్రీ ఆవిడ. అలర్జీ పరీక్షకి పాపని నర్సు పక్కగదిలోకి తీసుకెళ్ళింది.

చెల్లెలు ఇస్త్రీ ఆవిడ వైపు చూడలేదు.

“అందరం విషం కోసం వెతికాం,” అంది ఇన్‌స్పెక్టర్. “విషం లేదు. క్రీము కూడా ల్యాబ్‌కి వెళ్ళింది. విషం లేదని తిరిగొచ్చింది. అందులో ఉన్నదేమిటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అదే క్రీము ఈవిడా మూడు వారాలు రాసుకుంది. ఏమీ కాలేదు. తేడా క్రీములో లేదు, చేతుల్లో ఉంది. ఎందుకో డాక్టరుగారు చెబుతారు.”

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

“చర్మం గోడలాంటిదమ్మా. కణాలు ఇటుకలు. మధ్యలో సున్నంలా కొవ్వు. కొన్ని వంశాల్లో ఆ గోడ పుట్టుకతోనే పలచన. దానికి తోడు మీ అక్క ఇరవై రెండేళ్ళు బట్టలుతికే సోడానీళ్ళలో చేతులు పెట్టింది. సున్నం కరిగిపోయింది. సందుల్లోంచి బయటివన్నీ లోపలికి వస్తాయి. లోపల కాపలా కాసే కణాలు వాటిమీద పడతాయి. ఆ పోరుకి వాపు, మంట. ఆ మంటకి గోడ ఇంకా పగులుతుంది. ఇంకా లోపలికొస్తాయి. ఇక దానికి అంతుండదు. ఏళ్ళ తరబడి మానని జబ్బులు చాలావరకు ఇలా ముదిరేవే. పేగు గోడైనా, ఊపిరితిత్తి గోడైనా.”

“బాదం అక్కకి పడేది,” అంది చెల్లెలు.

“నోటితో తిన్నన్నాళ్ళూ పడింది. వీధి గుమ్మంలోంచి వచ్చినవాణ్ణి ఒళ్ళు చుట్టం అనుకుంటుంది. గోడ దూకి వచ్చినవాణ్ణి దొంగ అనుకుంటుంది. ఏడు నెలలు రోజూ అదే బాదం పగుళ్ళలోంచి లోపలికెళ్ళింది. దాని మొహం ఒళ్ళు గుర్తుపెట్టుకుంది. తర్వాత గుమ్మంలోంచి వచ్చినా దొంగే. కేకు రోజున హెచ్చరించింది. బిస్కెట్ రోజున ఊరుకోలేదు.”

డాక్టరమ్మ ఇస్త్రీ ఆవిడ చేతుల వైపు చూసింది.

“పగుళ్ళు లేని చేతులకి రాస్తే మామూలుగా ఏమీ కాదు. నా తప్పూ ఉంది. పదకొండేళ్ళలో ఏం తింటున్నావని అడిగాను. ఇంట్లో ఏం రాసుకుంటున్నావని అడగలేదు.”

చెల్లెలు అరచేతులు చూసుకుంది.

“బాగా రుద్దేదాన్ని,” అంది.

పిడికిళ్ళు మూసుకుంది.

“వద్దే, చేతులు నొప్పెడతాయి, నీకూ పనుంటుంది అనేది. నేనే ఊరుకునేదాన్ని కాదు.”

అప్పుడు ఇస్త్రీ ఆవిడ నోరు తెరిచింది. “అమ్మా, నేను గనక ఆ డబ్బా...”

“మీరు ఊరుకోండి,” అంది చెల్లెలు. కోపంగా కాదు. “మీరు ఒక్కసారి ఇచ్చారు.”

పక్కగది తలుపు తెరుచుకుంది. నర్సు పాపని తీసుకొచ్చింది. ముంజేతి మీద పెన్నుతో రాసిన ఐదు అంకెలు. ఒక్కో అంకె పక్కన సూదితో గుచ్చిన చుక్క. నాలుగు చుక్కలు మామూలుగానే ఉన్నాయి. మూడో అంకె పక్కన తెల్లటి దద్దు లేచింది. బఠాణీ గింజంత.

“మూడోది బాదం,” అంటూ డాక్టరమ్మ స్కేలు పెట్టి కొలిచింది. ఇన్‌స్పెక్టర్ వైపు చూసి తలూపింది.

“మూడు నాలుగు నెలలు ఆలస్యమయ్యుంటే ఏమయ్యేదో చెప్పలేను. బాదం నోట్లో పెట్టొద్దు. క్రీము ఇక రాయొద్దు. ముందు గోడ బాగుచెయ్యాలి. వాసనలేని మందు రాస్తా.”

“దోమ కుట్టిందా అమ్మా?” అంది పాప.

“అవును,” అంది తల్లి.

* * *

5:45కి స్టేషన్‌లో చెల్లెలు ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. ఇస్త్రీ ఆవిడ ఫోన్, తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టర్ ఆఖరి కాగితం నింపుతోంది. మరణానికి కారణం. సమయం. బాధ్యులు. ఆ గడి దగ్గర “ఎవరూ లేరు” అని రాసింది.

“నా పేరు రాయండి,” అంది చెల్లెలు.

“రాయడానికి లేదమ్మా.”

“ఎందుకు లేదు?”

“నేరం చేసినవాళ్ళ పేరే అందులో రాస్తారు.”

“మరి నాది ఎందులో రాస్తారు?”

ఇన్‌స్పెక్టర్ కాగితం చివర వేలు పెట్టి చూపించింది. పెన్ను ఆమె వైపు తిప్పి పెట్టింది. చెల్లెలు చూపించిన చోట సంతకం చేసింది. అక్షరాలు వంకర పోలేదు.

వీధి చివర మందుల షాపు. నిచ్చెన వాళ్ళని ఆటో ఎక్కించడానికి వెంట వెళ్ళాడు. తిరిగొచ్చి, అడక్కుండానే చెప్పాడు.

“చీటీ ఇచ్చింది మేడం. షాపువాడు ట్యూబ్ ఇచ్చాడు. కౌంటర్ దగ్గరే నిలబడి దాని వెనకాల ఏమేం కలిపారో రాసిన చిన్నక్షరాలు చదవడం మొదలుపెట్టింది. ఒక్కో మాట. తెలియని మాట వస్తే, ఇదేంటి అని షాపువాణ్ణి అడుగుతోంది. వెనక ఏడెనిమిది మంది లైను.”

“ఎవరూ ఏమీ అనలేదా?”

“ఒకాయన కసురుకున్నాడు. ఆవిడకి వినపడలేదు. పాప చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుని ఉంది. మళ్ళీ మొదట్నుంచి చదువుతోంది.”