ప్లాన్‌లో రాయని పొయ్యి

రాత్రి పన్నెండున్నర.

ఎండ కాస్తోంది!

పాడు ఎండ... జూన్ వచ్చిందంటే ఈ ఉత్తరాన సూర్యుడికి కుంకడమన్నదే తెలియదు. మిగతా లోకంలో తరిమేవాడికీ, పారిపోయేవాడికీ చీకటన్నా సాయం ఉంటుంది. లోర్నాకి ఆ అదృష్టం కూడా లేదు.

చెట్టు లేదు. చీకటి లేదు. కనుచూపు మేరా నాచు, రాళ్లు, వాటి మధ్య ఒకే ఒక్క కంకర రోడ్డు.

ఆ రోడ్డు మీద ఆమె పాత పికప్ పిచ్చెక్కినట్టు దూసుకుపోతోంది.

పక్క సీట్లో నల్లటి కెమెరా పెట్టె. దానికి సీటుబెల్టు కట్టి ఉంది. మూతకి వరసగా చిల్లులు.

కీచ్... కీచ్... కీచ్...

లోపల కెమెరా లేదు. తెల్ల డేగ పిల్లలు నాలుగు!

“ఓర్చుకోండి, బంగారాలూ... ఇంకాస్త!”

అద్దంలోకి చూసింది.

వెనక దుమ్ము!

ఈ రోడ్డు మీద బండి కనబడకముందే దాని దుమ్ము కనబడుతుంది. పది కిలోమీటర్ల అవతల లేచిన దుమ్ము కూడా దాగదు. ఇది పదేం కాదు. ఆరుంటుంది. మహా అయితే.

రేడియో గరగరలాడింది.

“లోర్నా... వినబడుతోందా?”

పైక్!

“నీ ప్లాన్ నా ఒళ్లోనే ఉంది లోర్నా. ఏడో పేజీ తీశాను. ‘ముందు ఎడమవైపు కంకర గొయ్యి, గాలి వీస్తే బండి అక్కడ ఆపుకోవచ్చు.’ అందులో దూరదామనుకుంటున్నావా?”

లోర్నా చెయ్యి స్టీరింగ్ మీద బిగుసుకుంది. నిజంగానే ఎడమకి తిప్పబోతోంది!

తిప్పలేదు. యాక్సిలరేటర్ నేలకి తొక్కింది.

“బాగా రాశావు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు రాశావు. నువ్వెక్కడ దాక్కుంటావో, ఎక్కడ ఆగుతావో అంతా ఇందులోనే ఉంది.”

“నోర్ముయ్!”

“ఆ పెట్టె రోడ్డు మీద పెట్టి వెళ్లిపో. నిన్నేం చేయను.”

అబద్ధం. ఆ గొంతులోనే తెలిసిపోతోంది.

రేడియో ఛానల్ నంబర్ కూడా తనే రాసిచ్చింది. మూడో పేజీలో. ఎర్ర ఇంకుతో!

జనవరిలో వచ్చాడు వాడు. డాసన్‌లో, ఆమె ఇంటికి, మైనస్ నలభై చలిలో. దుప్పి మాంసం పులుసు రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. ఫోటోలు తీసుకోవడానికి ఉత్తరం వచ్చేవాళ్లకి రోడ్డు ప్లాన్లు వేసివ్వడమే లోర్నా పని. ఎలుగుబంటి ఏ వాగు దగ్గర దొరుకుతుంది, ఏ కొండ మీద వెలుగు ఎన్నింటికి పడుతుంది, రెండు స్టెప్నీలు, డీజిల్ క్యాన్లు... పద్నాలుగు రోజుల ప్లాన్, పదహారు పేజీలు.

చివర్లో వాడు గోడ మీద ఆమె తీసిన ఫోటో చూశాడు. గాల్లో తెల్ల డేగ.

“ఇలాంటి ఫోటో నేను జన్మలో తీయలేను. నీ కన్నే వేరు” అన్నాడు.

అంతే. పొగడ్తకి ఉబ్బిపోయింది. మ్యాప్ మీద ఆ డేగ గూడున్న చోట పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టింది. ముప్పై ఏళ్లొచ్చాయి, బుద్ధి మాత్రం రాలేదు!

ఆ గూడు ఎలైజా బాబాయ్‌కి వాళ్ల తాత చూపించాడు. తొమ్మిదేళ్లప్పుడు లోర్నాని భుజాన ఎక్కించుకెళ్లి బాబాయ్ చూపించాడు. “నాకు పిల్లల్లేరు. ఈ గూడు ఇక నీది. ఎవరి దగ్గరా నోరు జారకు” అన్నాడు.

జారింది.

మూడు గంటల క్రితం, కస్టమర్ ఎలా ఉన్నాడో చూసిపోదామని వచ్చింది. కొండ కింద వాడి బండి. కొండ మీంచి తాడు. తాడు మీద పైక్, గూట్లో ఇంకేమన్నా మిగిలాయేమోనని మళ్లీ పైకెక్కుతున్నాడు. పైన తల్లి డేగ గొంతు చించుకుని అరుస్తూ తిరుగుతోంది. బండిలోంచి కీచుమని చప్పుడు... తెల్ల డేగ పిల్ల దొంగ బజారులో ఒక్కోటి లక్షలు పలుకుతుంది.

పెట్టె లాక్కుని పరుగెత్తింది.

తల్లి దగ్గరకి చేర్చకపోతే తెల్లారేసరికి ఇవి బతకవు. తెల్లారడమేమిటి, అసలు చీకటి పడితే కదా! వెనక్కి పోదామంటే దారిలో పైక్. ముందుకైతే తొంభై కిలోమీటర్ల అవతల నది దాటించే ఫెర్రీ. అక్కడ మనుషులుంటారు.

డీజిల్ ముల్లు ఎరుపులోకి దిగింది.

పర్లేదు. ఈ మలుపులో సైన్‌బోర్డు వెనక రాళ్ల కింద క్యాన్ దాచింది. ఆపద కోసం. బ్రేక్! బండి జారి అడ్డం తిరిగింది. దూకింది. రాళ్లు తోసింది.

క్యాన్ లేదు!

“తొమ్మిదో పేజీ” అంది రేడియో. “నిన్ననే పోసుకున్నాను. థాంక్స్.”

లోర్నా పరుగున మళ్లీ బండెక్కింది.

“నీకోసం ఎవరూ రారు లోర్నా. రోజూ రాత్రి పదింటికి ‘అంతా క్షేమం’ అని మెసేజ్ పెట్టమన్నావు కదా? నువ్విచ్చిన శాటిలైట్ మిషన్‌లోంచి నీ పేరు కూడా కలిపి పెట్టేశాను. అది చూసుకుని డాసన్‌లో మీ అత్త హాయిగా నిద్రపోతూ ఉంటుంది.”

“దొంగవెధవా!”

“ఇదిగో, నీ ప్లాన్‌లో ఒక్క తప్పుంది. ఆ వాగు పక్క గుడిసె! ‘తలుపుకి తాళం ఉండదు, ఎవరైనా తలదాచుకోవచ్చు’ అని రాశావు. నిన్న రాత్రి అక్కడ చలికి చచ్చాను. ఉన్న కట్టెలన్నీ పొయ్యిలో కుక్కాను, అయినా వెచ్చబడలేదు.”

లోర్నా ఒక్క క్షణం వెనక దుమ్ము సంగతే మర్చిపోయింది.

“పొద్దున మళ్లీ పేర్చావా?”

“ఏంటి?”

“పొయ్యిలో! పేళ్లు, చితుకులు, అగ్గిపెట్టె! పేర్చి వచ్చావా లేదా?”

“నేనేమన్నా నీ పనివాణ్ణా?”

రక్తం మరిగిపోయింది ఆమెకి. గూడు దోచుకున్నందుకు ఎంత మండిందో, దీనికీ అంతే మండింది. గుడిసె వదిలేటప్పుడు పొయ్యి పేర్చి వదలాలి. కత్తితో చెక్కిన పేళ్లు అడుగున, పైన చితుకులు, ఆ పైన రెండు దుంగలు, మూత మీద అగ్గిపెట్టె. తర్వాత వచ్చేవాడి వేళ్లు చలికి కొంకర్లు పోయి ఉండొచ్చు. ఒక్క పుల్ల గీస్తే మంట లేవాలి. పొయ్యి ఖాళీగా ఉందంటే ఈ నేల మీద అర్థం ఒక్కటే. ఎవడో ప్రాణం మీదికొచ్చి పరుగెత్తాడని. చూసినవాడు చేస్తున్న పని వదిలేసి వెతకడానికి పోవాలి.

ఇది ప్లాన్‌లో రాయలేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నాక నమలమని ఎవరైనా రాస్తారా?

ఫట్!

ముందు టైరు! బండి ఎగిరింది... కంకర మీద కుంటుతూ ఈడ్చుకుపోయింది. స్టెప్నీ ఉంది. మార్చే టైమే లేదు. దుమ్ము దగ్గరైంది. మూడు కిలోమీటర్లు... రెండు...

వాగు! గుడిసె!

పెట్టె గుండెలకి హత్తుకుని పరుగెత్తింది. మెట్టు. తలుపు. లోపల పడింది.

ఒకటే గది. ఒకటే కిటికీ. ఇంకో దారి లేదు.

బయట బండి ఆగిన చప్పుడు.

“పదకొండో పేజీ, లోర్నా!” ఈసారి రేడియోలో కాదు. వాడి సొంత గొంతు, తాపీగా. “‘గుడిసె దగ్గర ఎలుగుబంట్లు తిరుగుతాయి, ఒంటరిగా ఉండొద్దు.’ పాపం... రాసినావిడే వినలేదు. ఎలుగుబంటి చేతిలో పోయింది. అలాగే చెప్తాను పోలీసులకి.”

పిల్లల్నైనా దాచాలి. ఎక్కడ? మంచం కింద? కనబడిపోతుంది. ఇనప పొయ్యి! మూత లాగింది...

ఆగిపోయింది.

పొయ్యి పేర్చి ఉంది!

అడుగున పేళ్లు. చేత్తో తాకింది. పచ్చిగా, జిగురుగా ఉన్నాయి. ఇవాళ చెక్కినవి! చివర్లు గుండ్రంగా వంకీ తిరిగి ఉన్నాయి. ఈ వాగు మొత్తం మీద పేళ్లు అలా చెక్కేవాడు ఒక్కడే.

బాబాయ్!

వచ్చాడు. పొయ్యి ఖాళీగా ఉండటం చూశాడు. పేర్చాడు. వెతకడానికి పోయాడు. ఇక్కడే ఎక్కడో... వాగు వెంట...

అగ్గిపుల్ల గీసింది. ఒక్క పుల్ల. భగ్గున అంటుకుంది. గోడ సందుల్లో కుక్కిన చెమ్మ నాచు గుప్పెడు పీకి లోపల పడేసింది. గొట్టంలోంచి పొగ నిలువుగా, తెల్లగా లేచింది. అర్ధరాత్రి ఎండలో ఎంత దూరానికైనా కనబడే పొగ!

ఛీ అనుకున్న ఎండకే మనసులో దండం పెట్టుకుంది.

దబ్!

పైక్ తలుపు తన్నాడు. తాళమే లేని తలుపుని తన్నేవాణ్ణి ఏమనాలి!

చేతిలో రైఫిల్. అదీ ప్లాన్‌లోదే. నాలుగో పేజీ. ఎలుగుబంట్ల కోసం తప్పకుండా తెచ్చుకోమని తనే రాసింది.

“పెట్టె ఇలా తొయ్.”

“తోయను.”

“పొయ్యి వెలిగించావే! చలేస్తోందా?” నవ్వాడు.

“చలికి కాదు. పొగకి.”

“ఎవడు చూస్తాడే ఇక్కడ?”

“పేర్చినవాడు.”

పైక్ కళ్లు పొయ్యి మీదకి వెళ్లాయి. మండుతున్న దుంగలు... రాత్రి తను మొత్తం కాల్చేసిన పొయ్యి... ఖాళీగా వదిలిన పొయ్యి...

మొహంలో నవ్వు పోయింది.

రైఫిల్ గొట్టం లేచింది. లోర్నా గుండెకి గురి!

ఢాం!

లోర్నా కళ్లు గట్టిగా మూసుకుంది. నొప్పి లేదు. ఎందుకు లేదు?

కళ్లు తెరిచింది. పైక్ నేల మీద గిలగిలలాడుతున్నాడు. భుజం ఎర్రగా తడిసిపోయింది. రైఫిల్ మూలకి ఎగిరిపడింది.

గుమ్మంలో ఎలైజా. మోకాళ్ల దాకా తడి బూట్లు. నెరిసిన జడ. తుపాకీ గొట్టంలోంచి ఇంకా పొగ.

“బాబాయ్!”

ఆయన ఆమెని చూడలేదు. పైక్ నడుముకున్న తాడు లాగి, వాడి చేతులు కట్టాడు. భుజానికి గుడ్డ బిగించాడు.

“పొద్దున ఇక్కడ చూసిన బూటు అడుగులు వీడివే. పొద్దున్నించీ వెతుకుతున్నాను వీడి కోసం. పొయ్యి ఖాళీగా ఉంటే ఎవడో చావుబతుకుల్లో ఉన్నాడనుకున్నాను. తిండి లేదు, వాగంతా ఈదినంత పనైంది. వీణ్ణి కాపాడదామని!” ఉమ్మేశాడు. “ఎవడో తప్పిపోయాడని ఫెర్రీ వాళ్లకి ఇందాకే రేడియోలో చెప్పాను. పోలీసులు బయల్దేరారు.”

లోర్నాకి ఏడుపు కట్టలు తెంచుకుంది. ఆయన వైపు అడుగేసింది.

కీచ్... కీచ్...

ఎలైజా తల తిప్పాడు. మెల్లగా వంగి, పెట్టె మూత ఎత్తాడు.

పిల్లల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు.

“ఆ గూడు తెలిసింది ఇద్దరికే” అన్నాడు. “నేను చెప్పలేదు.”

పైక్ మూలిగాడు. నేల మీద పడ్డ ప్లాన్‌లోంచి మ్యాప్ బయటికి జారి ఉంది. దాని మీద పెన్సిల్ చుక్క.

“నేనే బాబాయ్... తప్పైపోయింది. నేనే...”

ఆయన పెట్టె మూసి చంకన పెట్టుకున్నాడు. వాడి రైఫిల్‌ని ఆమె చేతిలో పెట్టాడు. వాడి జేబులోంచి బండి తాళం తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

“పోలీసులు వచ్చేదాకా వీడికి కాపలా ఉండు. పోయేటప్పుడు పొయ్యి పేర్చి పో.”

“నేనూ వస్తాను బాబాయ్! గూడు దాకా...”

“వద్దు.”

వెనక్కి తిరగకుండానే అన్నాడు.

“ఇక ఆ గూడు వైపు రాకు.”