లేత్ సత్తం ఎంత?

ఆదివారం పొద్దున కూడా ఆ ఇంటి పెరటి షెడ్డులో ఇనుము చెక్కే లేత్ మిషన్ మొదలైంది. అరవై తొమ్మిదేళ్ల రత్నసభాపతికి ఆదివారమనీ లేదు, అమావాస్యనీ లేదు. ఆయన్ని టిఫిన్‌కి పిలిచిన భార్య సౌందరం గొంతు సింగానల్లూరు బస్‌స్టాపు దాకా వినబడి ఉంటుంది. వంటింట్లో కోడలు నిత్య చేతిలో గిన్నె జారింది.

పెరియకుళం నుంచి కాపురానికి వచ్చి ఏడాదైంది. అత్త ఉప్పు ఇమ్మన్నా అరుపే, పడుకోమన్నా అరుపే. తానేం తప్పు చేసిందో నిత్యకు బోధపడలేదు. ఆ సంగతి మొగుడు కణ్ణన్‌తో చెప్పలేక, "లేత్ సత్తం తాళలేను, పుట్టింటికి పోతాను" అంది. చెప్పలేని మాటకు బదులు చెప్పగలిగిన మాట చెప్పడం మనందరికీ అలవాటే కదా. పాపం కణ్ణన్ ఆ చప్పుడే కారణమని నమ్మి లేత్‌ను బేరం పెట్టేశాడు. కొనేవాడు ఈ ఆదివారమే పదకొండింటికి వస్తానన్నాడు.

"ముందు సత్తం ఎంతని చూపించు. ఎక్కువ ఉంటే నేనే అమ్ముతా" అని తండ్రి పట్టుబట్టాడు. అందుకే కణ్ణన్ తను పనిచేసే నూలు మిల్లు నుంచి చప్పుడు కొలిచే సౌండ్ మీటర్ అడిగి తెచ్చాడు. చేతిలో ఇమిడే పరికరం, కొసన నల్లటి స్పాంజి ఉంది. హాల్లో నిలబడి మీట నొక్కాడు. పక్కనుంచి సౌందరం మళ్లీ టిఫిన్‌కి పిలిచింది. తొంభై ఒకటి డెసిబెల్స్.

"చూస్తివా నిత్యా, ఇంత సత్తంలో ఎట్ల ఉండేది?"

ఇంతలో రత్నసభాపతి లేత్ ఆపి టిఫిన్‌కి వచ్చాడు. అంకె మాత్రం తొంభై ఒకటి దగ్గరే నిలిచింది.

"లేత్ ఆగిపోయె కదా, ఇది ఏల దిగలేదు?" అంది నిత్య.

"మిల్లు సామాను అట్లే ఉంటాది" అని సౌందరం అరిచింది. అంకె తొంభై మూడైంది. కణ్ణన్ అయోమయంగా మీటర్‌ను దులిపాడు.

కాలేజీలో ఫిజిక్స్ చదివిన నిత్య దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మ్యాక్స్‌లో పెట్టినారు. ఇది అన్నిటికన్నా పెద్ద సత్తాన్నే పట్టుకొని ఉంటాది. ఒంటికి ఆనించి కూడా పట్టరాదు, చెయ్యి చాచాలి. మొదట లేత్ లేకుండా చూడాలి, తరువాత లేత్‌తో."

మ్యాక్స్ తీసేసి అలాగే చూశారు. లేత్ లేకుండా నలభై ఎనిమిది. ఆయన వెళ్లి లేత్ వేశాక అరవై ఒకటి.

"మరి తొంభై ఎట్ల వచ్చె?" అన్నాడు కణ్ణన్.

"ఎవరికి తెలుసురా?" అంది సౌందరం. అంకె ఒక్కసారిగా ఎనభై తొమ్మిదికి ఎగిరింది. ముగ్గురూ ఆ అంకెను చూశారు.

"నా గొంతా?" సౌందరం మొహం చిన్నబోయింది. "గట్టిగా పిలవకుంటే ఆయన పలకరే."

ఇక మిషన్ పక్కన చూడడం ఒక్కటే మిగిలింది. నిత్య షెడ్డులోకి వెళ్లి నిలబడిపోయింది. లేత్ తిరుగుతోంది, ముక్కను బిగించే చక్‌లో మాత్రం ఇనుప ముక్కే లేదు. ఊరికే తిరుగుతోంది. ఆమె స్విచ్ కట్టేసింది. రత్నసభాపతి అటు తిరిగి పనిముట్లు సర్దుకుంటున్నాడు.

"మామా."

మీటర్ డెబ్బై చూపించింది. ఆయన తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. ఎనభై. అయినా తిరగలేదు. కాసేపటికి అలవాటుగా మిషన్ మీద అరచెయ్యి ఆనించి ఉలిక్కిపడ్డాడు.

"ఏల ఆపితివి అమ్మిణి?"

"చక్‌లో ముక్కే లేదు మామా."

ఆయన ఆమె పెదవుల వంక చూశాడు. నిత్య మళ్లీ మెల్లగా చెప్పింది. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇది తిరిగేటప్పుడు ఎవరూ నాతో మాట్లాడరు, చెయ్యి ఊపి పోతారు. ఆగితే అందరూ ఏదో ఒకటి అడుగుతారు. చెవి పోయెనని తెలిస్తే నన్ను లేత్ దగ్గర నిలబడనిస్తారా?"

గుమ్మంలో సౌందరం, వెనక కణ్ణన్ నిలబడి ఉన్నారు. సౌందరం కళ్లు తుడుచుకుంది. నిత్యకు దుఃఖం ఆగలేదు.

"లేత్ కోసం కాదు అత్తా నేను పోతానన్నది. మీరు నన్ను తిడతారని అనుకొంటి."

"నిన్నా తల్లీ? ఆయనతో అరిచి అరిచి నాకు అదే గొంతైపోయె" అంది సౌందరం. ఏడాదిలో మొదటిసారి ఆమె మాట నిత్యకు మెత్తగా వినిపించింది.

కణ్ణన్ కొనేవాడికి ఫోన్ చేసి రావద్దన్నాడు. సోమవారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాలని తండ్రికి కాగితం మీద రాసి చూపించాడు. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం అన్నానికి పిలవడానికి సౌందరం షెడ్డు గుమ్మంలో నిలబడి అలవాటుగా నోరు తెరిచింది. అంతలోనే మూసుకుంది. లోపలికి వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

ఆయన వెంటనే తిరిగి చూశాడు.