రెండుసార్లు తొడిగిన ముసుగు

“ముందు విత్తనం చెరిపెయ్. తర్వాత నెమలిని పట్టుకురా. రానంటే అక్కడే కాల్చెయ్.”

ఈ ముక్క చెప్పి విభాగాధిపతి చల్లారిపోయిన కాఫీని మందు మింగినట్టు మింగారు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. ఎదురుగా కూర్చున్న ఏజెంటుని తాళం అంటారు. పనిలో దిట్ట అని అతనికి పేరు. ఆ పేరు కాస్త తలకెక్కిందన్నది కూడా అందరికీ తెలిసిన సంగతే.

“విత్తనమంటే మన వైర్‌లెస్ కోడ్‌దేనా సార్?”

“అదే. మనవాళ్లు పంపే ప్రతి సందేశానికీ మూలం ఆ ఒక్క అంకె. నల్లగొడుగు ముఠా ఎలాగో కొట్టేసింది. సాయంత్రం ఐదింటికి దేశం దాటిస్తారట. అది దాటితే విదేశాల్లో ఉన్న మన ఏజెంట్లు ఒక్కళ్లూ మిగలరు.”

“కబురెవరిచ్చారు?”

“పేరు లేదు. ఆరా తీస్తే నిజమేనని తేలింది. అక్కడ ఆఫీసు నడిపేది ఎవరో తెలుసుగా?”

తెలియకేం! నెమలి పేరు వింటేనే తాళం దవడ బిగుసుకుంటుంది. ఆమెకి పని నేర్పింది అతనే. అన్నయ్యా అన్నయ్యా అంటూ వెనకే తిరిగేది. ఏ వేషం వేసినా అతికిపోయేది. పార్టీకి తయారై వచ్చిందంటే రాయబారులు చెప్పబోయే అబద్ధం కూడా మరిచిపోయేవారు.

కిందటేడు ఆమె ఒంటరిగా ఆ ముఠా ఆఫీసులోకి వెళ్లింది. ఇనప్పెట్టె తెరిచింది. తెరిచీ తెరవగానే అలారం మోగింది, ముఠా చుట్టుముట్టింది. ఇంకొకరైతే శవం కూడా దొరికేది కాదు. నెమలికి మాత్రం నెల తిరక్కుండా వాళ్ల ఆఫీసులోనే కుర్చీ, కారు దొరికాయి.

విచారణలో సాక్ష్యం చెప్పింది తాళమే. ఎందుకంటే ఆ రోజు ఆమె వాడిన ముసుగు అతను రాసిన ప్రోగ్రాం. అది చేతి గడియారంలో ఉంటుంది. తొడిగితే భవనంలోని అలారాలన్నీ నోరు మూసుకుంటాయి, కెమెరాలు ఖాళీ గదుల్నే చూపిస్తాయి. తీస్తే అన్నీ మళ్లీ యథాస్థితికి వస్తాయి. ప్రోగ్రామర్లు ఇలాంటిదాన్ని కాంటెక్స్ట్ మేనేజర్ అంటారు. కొత్త ఏజెంట్లకి తాళం దీన్ని ఇలా చెప్పేవాడు: “స్టవ్ వెలిగించినవాడే ఆర్పాలి. వాడు మరిచిపోయినా, మధ్యలో కళ్లు తిరిగి పడిపోయినా, స్టవ్ దానంతటదే ఆరిపోవాలి. వెలిగించడాన్నీ ఆర్పడాన్నీ కలిపి ముడేస్తే సరి. నేనొకసారి రాశాను, మీరు ఎన్నిసార్లయినా, ఎక్కడైనా వాడుకోండి.”

విచారణ గదిలో అతను లాగ్, అంటే ముసుగు తనంతట తానే రాసుకునే చిట్టా, చదివి వినిపించాడు. “ముసుగు సక్రమంగా తీయబడింది” అని ఉంది అందులో. “సక్రమంగా అంటే లోపలున్న మనిషే తీసినట్టు. నా కోడ్ తప్పు చెయ్యదు. తీసింది ఆమే” అన్నాడు. అంతే, నెమలి దేశద్రోహి అయిపోయింది. విభాగం క్వార్టర్స్‌లో ఉంటున్న ఆమె తల్లిని వారంలో ఖాళీ చేయించారు. సామాను లారీకెక్కిస్తుంటే తాళం కిటికీలోంచి చూసి కర్టెన్ లాగేసుకున్నాడు.

“కాల్చాల్సి వస్తే కాలుస్తాను సార్” అన్నాడిప్పుడు, లేచి నిలబడుతూ.

నాలుగున్నరకల్లా తాళం ఏసీ మెకానిక్ అయిపోయాడు. నూనె మరకల చొక్కా, భుజాన గ్యాస్ సిలిండరు, చెవి మీద పెన్సిలు. భవనం కింద వాచ్‌మన్ విభాగం మనిషే.

“ఏసీ కారుతోందటగా?”

“కారడం కాదన్నా, ఏడుస్తోంది.”

కోడ్ మాట కలిసింది. లిఫ్టులో ఎక్కుతూనే తాళం గడియారం నొక్కి ముసుగు తొడిగాడు. పదకొండో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి కెమెరా కింద ఎర్రదీపం ఆరిపోయి ఉంది. కాగితాల వాసన, అరిగిన కార్పెట్టు, ఎవరో సగం తాగి వదిలేసిన టీ కప్పు. గూఢచారుల ఆఫీసు కూడా ఆఫీసే మరి!

మూలగదిలో ఇనప్పెట్టె. తాళం తన “చెవి”ని దానికి అతికించాడు. బొత్తామంత బిళ్ల అది, పెట్టె లోపలి చప్పుడు విని అంకెలు పసిగట్టేస్తుంది. దాన్ని నడిపే ప్రోగ్రాం కూడా అతను రాసిందే. కాసేపు గొణిగి, టక్కుమంది. తలుపు తెరుచుకుంది. లోపల విత్తనాన్ని ఐదింటికి పంపబోయే చిన్న ట్రాన్స్‌మిటరు, దాని మీద వెనక్కి నడుస్తున్న టైమరు. ఇంకా ఏడు నిమిషాలుంది.

అంతలో భవనమంతా అలారం మోగింది.

తాళం గడియారం చూశాడు. “ముసుగు సక్రమంగా తీయబడింది.”

“నేను తియ్యలేదే!” అన్నాడు పైకే. అన్నాక, విచారణలో తను చదివిన లాగ్ గుర్తొచ్చింది.

చెవి ప్రోగ్రాంని గడియారంలో తెరిచాడు. మొదటి లైనులోనే ఉంది. ఎవరైనా మరిచిపోయి ముసుగు లేకుండా పెట్టె తెరుస్తారేమోనని, జాగ్రత్త కోసం, చెవి కూడా ముందు ముసుగు తొడుగుతుంది, పని కాగానే తీసేస్తుంది. తొడిగేది అదే ముసుగు. తీసేదీ అదే ముసుగు. ఒంటి మీద అప్పటికే ఒకసారి తొడిగి ఉందన్న సంగతి దానికి పట్టదు. లోపలి పనివాడు వెళ్తూ వెళ్తూ బయటి పనివాడి ఒంటి మీది బట్ట కూడా లాక్కుపోతాడన్నమాట. ముసుగుని విడిగా వందసార్లు పరీక్షించాడు. చెవిని విడిగా వందసార్లు పరీక్షించాడు. రెండింటినీ కలిపి చూడలేదు. ఆ రెండూ ఒకేచోట వాడాల్సిన అవసరం అందరికంటే ముందు పడింది నెమలికి.

తాళానికి చెవుల దాకా మంటెత్తింది. భయం కాదది, సిగ్గు. చచ్చిపోతే బాగుండుననిపించేంత సిగ్గు.

“చేతులు పైకెత్తండి సార్.”

గుమ్మంలో నెమలి. నల్లకోటు, చేతిలో పిస్తోలు, కింది పెదవి మీద ఆ పాత వంకర నవ్వు. ‘సార్’ అంది. ఎప్పుడూ అలా పిలిచింది కాదు.

“అలారం మీరే మోగించారా?”

“లేదు.”

“మరి లాగ్ ఏమంటోంది?”

“సక్రమంగా తీయబడిందంటోంది.”

“అయితే మీరు ముఠా మనిషే అయ్యుండాలి. మీ కోడ్ తప్పు చెయ్యదుగా!”

అతను తలొంచుకున్నాడు. కారిడార్లో బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. నెమలి పిస్తోలు దించింది.

“ఎంతసేపు కావాలి?”

“నువ్వు... మావైపేనా?”

“కబురు పంపిందెవరనుకున్నారు? ఆ రోజు వీళ్లలో చేరతానని అబద్ధమాడి ప్రాణాలు దక్కించుకున్నాను. తప్పించుకొచ్చేద్దామనుకునేలోపే అక్కడ నన్ను ద్రోహిని చేసేశారు. పెట్టె నేనే తెరుద్దామంటే నా దగ్గరున్న చెవి ఆ రోజే లాక్కున్నారు, దాని అంకెలు ముఠా నాయకుడికి తప్ప ఎవరికీ తెలియవు. ఎంతసేపు?”

“ఐదు నిమిషాలు.”

ఆమె తలుపు దగ్గరకి లాగి బయట నిలబడింది. గొంతు ఖంగుమని వినిపించింది. “ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని? ప్రసారానికి ముందు అలారం పరీక్ష ఉంటుందని తెలీదూ? లిఫ్టు దగ్గరికి పదండి!”

“ఆపమంటారా మేడమ్?”

“దానంతటదే ఆగుతుంది.”

ఆగకపోతే ఆమె పని అయిపోయినట్టే. మళ్లీ ముసుగు తొడిగితే అలారం ఆగుతుంది, నిజమే. కానీ విత్తనం చెరిపే ప్రోగ్రాం కూడా ఈ మహానుభావుడు రాసిందేగా! అదీ ముసుగు తొడిగి, పోతూ పోతూ లాగేసే రకమే. అలారం రెండోసారి మోగితే పరీక్ష అన్న అబద్ధం ఆమె మెడకే చుట్టుకుంటుంది. ముందు ముసుగునే బాగుచెయ్యాలి.

గోరంత గడియారం మీద వేలికొసతో రాశాడు. తొడిగినప్పుడల్లా లెక్కకి ఒకటి కలుపు. తీసినప్పుడల్లా ఒకటి తగ్గించు. లెక్క సున్నాకొచ్చి ఆఖరివాడు బయటపడ్డాకే అలారాలకి నోరివ్వు. మూడే మూడు లైన్లు. ఆ మూడు లైన్లు రాయడానికి బద్ధకించి, ఒక ఆడపిల్ల బతుకు మీద లాగ్ చదివి వినిపించాడు.

ముసుగు తొడిగాడు. అలారం ఆగింది. చెరిపే ప్రోగ్రాం వదిలాడు. టైమరు మీద నిమిషాల గడి ఖాళీ అయింది, సెకన్లే మిగిలాయి. చెరిపే పని నత్తలా పాకుతోంది. ఇంకో సెకనుందనగా “చెరిపివేత పూర్తి” అని వచ్చింది. తాళం అలారం కోసం విన్నాడు. ఎక్కడో ఫ్యాను తిరుగుతోంది, అంతే. ట్రాన్స్‌మిటరు ఠంచనుగా ఐదింటికి ఒక పెద్ద సున్నాని సముద్రాలు దాటించింది.

“మెకానిక్ వెధవ, పరీక్షని పాడుచేశాడు. కింద అప్పజెప్పి వస్తా” అంటూ నెమలి అతని కాలరు పట్టుకుని గార్డుల మధ్యలోంచే నడిపించుకుపోయింది. లిఫ్టు కిందికి దిగేలోపు ఒక్కసారైనా అన్నయ్యా అంటుందేమోనని తాళం ఆశపడ్డాడు. ఆ ఆశ పుట్టినందుకు మళ్లీ సిగ్గుపడ్డాడు. ఆమె అనలేదు.

బ్రీఫింగ్ గదిలో పెద్దాయన లేచి చప్పట్లు కొట్టారు. “శెభాష్! విత్తనం చెరిగింది, ద్రోహి దొరికింది!” సంకెళ్లతో ఒక గార్డు నెమలి వైపు నడిచాడు. గదినిండా జనం. జరిగింది ఇద్దరికే తెలుసు, అందులో ఒకరి మాట ఎవరూ నమ్మరు. ఊరుకుంటే పతకం. ఎంత తేలికో చూసి తాళానికి తన మీద తనకే అసహ్యమేసింది.

“ఆగండి” అన్నాడు. “ముసుగు తీసింది ఈమె కాదు, నా కోడే. ఇవాళ నా మీంచి కూడా తీసేసింది. కిందటేడే కోడ్ తెరిచి చూసుంటే కనిపించేది. నేను చూడలేదు. నాది తప్పని ఒప్పుకోవడం కంటే ఈమెని ద్రోహి అనడం తేలికనిపించింది.”

గార్డు సంకెళ్లు జేబులో పెట్టుకున్నాడు. అందరి చూపులూ మీద పడుతుంటే తాళం అలాగే నిలబడ్డాడు. ఈసారి లాక్కోవడానికి కర్టెన్ లేదు.

“మీ అమ్మగారి దగ్గరికి వెళ్లి నేనే చెబుతాను” అన్నాడు నెమలితో.

“చెప్పండి. కాళ్ల మీద మాత్రం పడకండి. మా అమ్మకి చిరాకు.”

“నన్ను క్షమించు.”

“ఇంకా లేదు సార్” అంది సూటిగా.

పెద్దాయన గొంతు సవరించుకుని ఆమెనే అడిగారు. “ఇతనికేం శిక్ష వెయ్యమంటావమ్మా?”

నెమలి తాళం గడియారం వైపు చూసింది. “పెద్దగా ఏం వద్దండి. ఇకమీదట ఈయన ఏ ప్రోగ్రాం రాసినా, ముందు ఈయనే పెట్టుకుని శత్రువు ఇంట్లోకి వెళ్లాలి. నేను బయట కారులో కూర్చుంటాను.”

ఆ ఏడాది విభాగంలో కొత్త ప్రోగ్రాములు బాగా తగ్గిపోయాయి. వచ్చిన ఆ కాసిన్నీ మాత్రం బ్రహ్మాండంగా పనిచేశాయి.