ఉన్నచోటి చుక్క

ప్రోగ్రాం కూర్పు ఈసారీ తప్పు లేకుండా పూర్తయింది. దాని నడక దగ్గరకొచ్చేసరికి మళ్లీ అదే మొరాయింపు: ‘లంకనియమం క్లాసు దొరకలేదు.’

“ఎదురుగా ఉంటే దొరక్కపోవడమేమిటే, నీ మొహం మండ!” అంది గేట్ల ఆపరేటరు భ్రమరాంబ, కంప్యూటరు తెరతో. ఏడో కరకట్ట గేట్లు నూటఇరవై ఏళ్లుగా జావా భాష ప్రోగ్రాముల మీదే నడుస్తున్నాయి. దాని మొండితనం మాత్రం ఒక్కరోజూ పాతబడలేదు.

రేడియోలో కాకిలంక పడవ సరంగు నూకయ్య గొంతు. “నీళ్లు అరుగెక్కేసాయండి. పిల్లల్ని అటకెక్కించేసామండి. ఇంకెంతసేపండీ?”

“పదకొండు నిమిషాల్లోపే, నూకయ్యగారూ.”

ఆలోగా లంకనియమం నడవకపోతే గేట్లు, కరకట్టలన్నిటినీ ఏలే కేంద్రం రాసిన కేంద్రనియమాన్ని అందుకుంటాయి. అది కేంద్రం గిడ్డంగులు తడవకుండా పోటునంతా కాకిలంక మీదికి తోస్తుంది. ఏ కాలువ ఎంత మోస్తుందో నూకయ్య చెబుతుంటే, నీటిని ఉప్పుమళ్లకూ గిడ్డంగులకూ పంచేలా ఆమె ఈ లంకనియమం క్లాసు రాసింది.

పేరు సరిచూసింది. ఫోల్డరు సరిచూసింది. ఆఖరికి, క్లాసుల్ని ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే రెండు దారిపట్టీలనూ, కూర్పుదీ నడకదీ, పక్కపక్కన తెరిచింది. కూర్పు పట్టీ మొదట్లో ఒక చుక్క ఉంది: నువ్వున్నచోట వెతుకు అని. కేంద్రం ముద్రవేసి పంపిన నడక పట్టీలో నలభై కేంద్రపు కొట్ల చిరునామాలున్నాయి, చుక్క లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

మరుపేమో అనుకుంది. కాదు. ముద్ర కింద రాసే ఉంది: స్థానిక వెతుకులాట నిషిద్ధం.

“పట్టీ ముట్టుకోకమ్మా,” అన్నాడు అదే రేడియో లైనులో కేంద్రం నుంచి పర్యవేక్షకుడు సాంబమూర్తి. “చుక్క పెడితే నీ వేలిముద్ర చెల్లదు. ఇక ఏ గేటూ నీ మాట వినదు.”

“మీ నలభై కొట్లలో కాకిలంక ఎక్కడుంది సార్?”

“లేదు,” అన్నాడు.

పందొమ్మిదేళ్ల ఉద్యోగం. భయమేసింది, నిజంగానే వేసింది. నాలుగు నిమిషాలు మిగిలాయి. నడక పట్టీ మొదట్లో చుక్క పెట్టి, కొట్ల చిరునామాల నుంచి దాన్ని విడదీసే కోలన్ పెట్టి, ఎంటర్ నొక్కింది.

గేట్లు మూలుగుతూ తిరిగాయి. నీరు ఉప్పుమళ్ల వైపు, గిడ్డంగుల వైపు మళ్లింది.

“తీసేత్తన్నాయండీ! అరుగు కనపడతందండీ!” నూకయ్య ఏడుస్తూ నవ్వుతున్నాడు. ఆమెకూ కళ్లు నిండాయి.

కీబోర్డు చచ్చిపోయింది. వేలు ఆనిస్తే ‘ఎవరు మీరు?’ అంది తెర.

రేడియో మళ్లీ గరగరలాడింది. ఎవరో కొత్త ఆడమనిషి, ఆయాసపడుతోంది. “ఏడో కట్టేనా అండీ? మూడో కట్ట నుంచి. మీ మాటలు లైనులో విన్నానండీ. మా నియమం కూడా దొరకట్లేదంటోందండీ. ఆ చుక్క ఎక్కడ పెట్టారు?”

“చెప్పకమ్మా! ఈ లైను కేంద్రమంతా వింటుంది!” అన్నాడు సాంబమూర్తి.

భ్రమరాంబ మైకు దగ్గరకు లాక్కుంది.

“అన్నిటికంటే ముందు పెట్టండి,” అంది. “తర్వాత కోలన్ మర్చిపోకండి.”