మూడో పాటలో తాళం

చెవులకు హెడ్‌ఫోన్స్ ఉండగానే రికార్డింగ్ ఇంజనీర్ చనిపోయాడు. స్టూడియో కుర్చీలో వెనక్కి వాలి పాట వింటున్నట్టే ఉన్నాడు. కాఫీలో కలిపిన విషం పని పూర్తి చేసేలోపు ఆయన ఒక్క ఫోన్ చేయగలిగాడు. అది సీక్రెట్ సర్వీస్ ఆన్సరింగ్ మెషీన్‌లో పడింది.

"మూడో పాటలో తాళం తప్పు."

చీఫ్ ఆ టేప్‌ను ఏజెంట్ రబ్బర్‌కు వినిపించాడు. ఎక్కడికి వెళ్ళినా తన ఆనవాళ్ళు తానే చెరిపేసుకుని వస్తాడని ఆఫీసులో అతనికి ఆ పేరు పెట్టారు. చీఫ్ బ్రీఫింగ్ ఎప్పట్లాగే క్లుప్తంగా సాగింది. ఆ మధ్యాహ్నం పన్నెండుకు ఒక ఆల్బమ్ నెట్‌లో అమ్మకానికి వస్తోంది. కొన్నవాళ్ళు కాపీలు తీసి పంచకుండా మ్యూజిక్ కంపెనీ ప్రతి పాటకూ డిజిటల్ తాళం వేసింది. ఆక్టోపస్ అనే విదేశీ ముఠా కన్ను దాని మీద ఉంది. తాళంలో లోపముందని కనిపెట్టినందుకే ఇంజనీర్‌ను చంపి ఉంటారు. కాబట్టి కంపెనీలోకి దూరి ఆ తాళాన్ని కాపాడాలి.

చీఫ్‌కు తెలియని సంగతి ఒకటుంది. ఆ ఆల్బమ్ పాడింది రబ్బర్ అక్క. ఆమె క్షేమం కోసం, సర్వీసులో చేరినప్పుడు తనకెవరూ లేరని అబద్ధమాడాడు.

అక్క ఏళ్ళ తరబడి కోరస్‌లో వెనక వరసలో నిలబడి పాడింది. ఒకే ఒక్కసారి సోలో పాడితే, ఆ పాటను జనం ఎగబడి డౌన్‌లోడ్ చేసుకున్నారు. బస్సుల్లో అదే, సెలూన్లలో అదే. పాడిందెవరో మాత్రం ఒక్కరికీ తెలియదు. చేతులు మారి మారి ఆ ఫైల్‌లోంచి ఆమె పేరే ఊడిపోయింది. అందుకే ఆమెకు తాళమంటే అంత నమ్మకం. ఈ ఆల్బమ్ కూడా ఊరికే పంచిపెట్టినట్టయితే ఇంకో అవకాశం ఇచ్చేది లేదని కంపెనీ ముఖం మీదే చెప్పేసింది.

రబ్బర్ ఏసీ మెకానిక్ వేషంలో కంపెనీ చేరాడు. లాక్ సెక్షన్ హెడ్ ఎదురొచ్చింది. నున్నటి గౌన్ల వల్ల ఆమెను అందరూ మేడమ్ శాటిన్ అంటారు. ఆమె నడిచొస్తుంటే క్లర్కులు టైపు చేస్తున్న వాక్యం మర్చిపోతారు. ఆమె మాత్రం అతని చేతుల వైపే చూసింది.

"మెకానిక్ గోళ్ళు ఇంత శుభ్రంగా ఉండవు. లోపలికి రండి."

ఆమె ఆక్టోపస్ మనిషి. ఆక్టోపస్ కబుర్లు సీక్రెట్ సర్వీస్‌కు చేరవేసేదీ ఆమే. ఎవరి మనిషో బహుశా ఆమెకే తెలియదు. ఇంజనీర్ మెసేజ్‌ను ముఠా కూడా చాటుగా విందట. తమ భాషలోకి తర్జుమా చేయించుకుని తాళాన్ని ఊడదీసి చూసుకుంటే లోపమే కనబడలేదట. మరి ఆయన్ని ఎందుకు చంపారని అడిగితే శాటిన్ ముఖం తిప్పుకుంది. ఆల్బమ్ శాంపిల్ డిస్క్ అతని టూల్ కిట్‌లో పడేసి, కంప్యూటర్‌లో మాత్రం పెట్టొద్దంది.

అతను నేరుగా అక్క ఇంటికెళ్ళాడు. ఆమె విడుదల ఫంక్షన్‌కు వేసుకునే బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. విషయం చెప్పగానే ఇస్త్రీపెట్టె నిలబెట్టేసింది.

"నా పాటలో తాళం తప్పా? ఎవడ్రా అన్నది?"

"ఆ తాళం కాదక్కా, లాక్."

"స్టూడియో మనిషి లాక్‌ని లాక్ అనే అంటాడు. తాళం అంటే ఇదీ" అని తొడ మీద చరిచింది.

పాత సీడీ ప్లేయర్‌లో మూడో పాట పెట్టారు. ఆమె కళ్ళు మూసుకుని తాళం వేస్తూ వింది. రెండో చరణంలో ఆమె చెయ్యి గాల్లో ఆగింది. అక్కడ దెబ్బ ఆలస్యంగా పడింది. తను అలా పాడలేదని కచ్చితంగా చెప్పింది.

రబ్బర్ తన పెన్ స్కానర్ డిస్క్‌కు ఆనించాడు. టెక్నికల్ సెక్షన్ ఫోన్‌లో జవాబిచ్చింది. ఆ సందులో ఒక ప్రోగ్రామ్‌ను ఇరికించారు. తాళాన్ని ఒప్పుకుని ఆ పాట మోగించిన ప్రతి కంప్యూటరూ ఆక్టోపస్ గుప్పిట్లోకి పోతుంది. ఆసుపత్రి, కరెంటు ఆఫీసు, టెలిఫోన్ ఎక్స్‌చేంజ్, పాటలు వినకుండా పని చేసే చోటు ఏదైనా ఉందా? అందరూ దొంగ నుంచి తాళాన్ని కాపాడుతున్నారు. ఆ తాళం చేసిందే దొంగ.

అమ్మకం ఆపమని శాటిన్‌కు ఫోన్ చేశాడు. సర్వర్ విదేశంలో ఉంది, పన్నెండుకు దానంతటదే తెరుచుకుంటుంది, ఇక్కడ ఎవరి చేతిలోనూ లేదంది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఊరికే దొరికేదాన్ని ఎవరూ కొనరు."

ఏదో పగిలిన చప్పుడు. లైన్ కట్ అయింది. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

తాళం లేని అసలు పాటలు అక్క కంప్యూటర్‌లోనే ఉన్నాయి. వాటిని బయటపెడితే కంపెనీ దృష్టిలో ఆమె దొంగ. ఇక ఏ స్టూడియో గుమ్మమూ ఎక్కనివ్వరు. అయినా వాటిని నెట్‌లో ఊరికే పెట్టెయ్యడం తప్ప దారి లేదని అక్కకు చెబుతుంటే రబ్బర్‌కు జీవితంలో మొదటిసారి ఈ ఉద్యోగం మీద అసహ్యం వేసింది.

"నువ్వు చేసేది ఇన్సూరెన్స్ కంపెనీలో కాదు కదూ?" అంది అక్క.

"కాదక్కా."

"పెట్టకపోతే ఏమవుతుంది?"

"సాయంత్రానికి ఆసుపత్రుల్లో మెషీన్లు ఎవడు చెబితే వాడి మాట వింటాయి."

అక్క ఏడ్చింది. ఏడుస్తూనే పాటలన్నీ నెట్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. 'పాడినవారు' అన్న గడి దగ్గర వేళ్ళు ఆగాయి. అది ఖాళీగా వదిలెయ్యమని, పేరు లేకపోతే ఎవరూ పట్టుకోలేరని రబ్బర్ బతిమాలాడు.

"పాట ఎలాగూ పోయింది. పేరు కూడా నా చేత్తో నేనే తుడవనా?" అని, పేరు పూర్తిగా కొట్టింది.

స్క్రీన్ మీద గీత మెల్లగా పాకుతోంది. గోడ గడియారం పన్నెండు కొట్టడం మొదలైంది. ఆఖరి గంట మోగుతుండగా గీత అంచుకు తాకింది.

జనం ఎగబడ్డారు. తాళమేసిన పాట జోలికి ఒక్కరూ పోలేదు. ఆక్టోపస్ సర్వర్ ఈగలు తోలుకుంటూ కూర్చుంది. శాటిన్ ఏమైందో ఎవరికీ తెలియలేదు.

వారం తిరక్కుండా చీఫ్ రబ్బర్‌ను పిలిపించి ఒక పోస్టర్ ముందుకు తోశాడు. కంపెనీ కేసు పెట్టిందట, దొంగను పట్టుకునే పని రబ్బర్‌దేనట. పాటల దొంగ ఇల్లు, ఫోటో, ఫోన్ నంబర్, ఏ ఆనవాలూ కంపెనీ ఫైళ్ళలో కూడా దొరకడం లేదట, పేరు తప్ప. ఆ పేరు ఇప్పుడు ప్రతి గోడ మీదా ఉంది, ప్రతి నోటా ఉంది. చెబుతూనే చీఫ్ మూడో పాట కూనిరాగం తీస్తూ బల్ల మీద తాళం వేస్తున్నాడు, ఎక్కడా తప్పకుండా.

రబ్బర్ పోస్టర్ మీద అంత పెద్ద అక్షరాల్లో ఉన్న అక్క పేరును ఆనందంగా చదువుకున్నాడు.

"చాలా కష్టమైన కేసు సార్" అన్నాడు. "నేను రిటైరయ్యేదాకా పట్టొచ్చు."